జపాను విద్యార్థుల దేవుడు మిచిజానె

పరీక్షలు దగ్గర పడితే దేవుడు గుర్తుకు రావడం మన ఒక్కరికే ఉన్న అలవాటు కాదు మిత్రులారా. మన హాస్టల్లో హాల్ టికెట్లు చేతికి రాగానే ఆంజనేయస్వామి గుడి ముందు చెప్పుల వరస పెరిగిపోతుంది. హాల్ టికెట్టుకు కుంకుమ బొట్టు పెట్టి, కొత్త పెన్ను దేవుని పాదాల దగ్గర పెట్టించుకొని వచ్చేవాళ్ళలో నేనూ ఒకణ్ణి. సైన్సు చదివేవాడివి, నీకిదేం పిచ్చిరా అని మా రూమ్మేటు నవ్వుతాడు. పరీక్షనాడు పొద్దున్నే వాడూ నా వెనకాలే వస్తాడు.

ఒకనాడు గ్రంథాలయంలో జపాను దేశం గురించి పుస్తకం తిరగేస్తుంటే ఒక బొమ్మ దగ్గర ఆగిపోయాను. చలికి కోట్లు తొడుక్కున్న విద్యార్థులు గుడి ఆవరణలో చిన్న చిన్న చెక్క పలకల మీద ఏదో రాసి దండేలకు కడుతున్నారు. అట్లాంటి పలకలు వందల కొద్దీ వేలాడుతున్నాయి. వాటిని ఎమా అంటారట. ఎమా అంటే గుర్రం బొమ్మ. పూర్వం దేవునికి గుర్రాన్నే సమర్పించేవాళ్ళు. అంత శక్తి లేనివాళ్ళు గుర్రం బొమ్మ గీసిన పలక ఇచ్చేవాళ్ళు. ఇప్పుడా పలక మీద పిల్లలు ఫలానా కాలేజీలో సీటు రావాలని రాసుకుంటారు. జనవరి మధ్యలో అక్కడ యూనివర్సిటీ ప్రవేశ పరీక్షలు ఉంటాయి గనుక ఆ నెలలో తాకిడి ఎక్కువ.

ఆ దేశంలో చదువుకు సంబంధించిన దేవతలు ఇంకా ఉన్నారు. బౌద్ధాలయాల్లో మంజుశ్రీ బోధిసత్వుణ్ణి మొంజు అని కొలుస్తారు. మన సరస్వతే బౌద్ధంతో పాటు అక్కడికి పోయి బెన్‌జైతెన్ అయింది. కాని పరీక్షల విషయంలో అందరికన్నా ముందు గుర్తొచ్చేది తెన్‌జిన్. ఆయన పురాణ పురుషుడు కాడు. పుట్టిన సంవత్సరం, చనిపోయిన సంవత్సరం ఉన్న మనిషి. ఆయన కూడా పరీక్ష రాశాడు. ఆ సంగతే నన్ను పట్టుకున్నది. ఎందుకో చివర చెబుతాను.

ఆయన అసలు పేరు సుగవారా నో మిచిజానె. క్రీ.శ. 845లో పుట్టాడు. క్యోటో అప్పటి రాజధాని. వాళ్ళది పండితుల వంశం. తాత కియొతొమొ చైనాకు రాయబార బృందంతో వెళ్ళి వచ్చినవాడు. తండ్రి కొరెయోషి ప్రభుత్వ విద్యాపీఠంలో ఆచార్యుడు. ఇంట్లో పుస్తకాలకు కొదవ లేదు, కాని రాజ్యంలో పలుకుబడి తక్కువ. పెద్ద పదవులన్నీ ఫుజివారా వంశం చేతిలో ఉండేవి. తమ ఆడపిల్లల్ని చక్రవర్తులకిచ్చి, పుట్టిన మనవళ్ళను సింహాసనం మీద కూర్చోబెట్టి రాజ్యం నడిపించేవాళ్ళు వాళ్ళు. మిగతా వాళ్ళకు పైకి రావడానికి చదువొక్కటే దారి, అదీ కొంతదూరం వరకే.

మిచిజానె తన పదకొండో ఏట వెన్నెట్లో పూసిన ఉమె చెట్టు మీద చైనా భాషలో పద్యం చెప్పాడు. 862లో విద్యాపీఠం పరీక్ష ప్యాసయ్యాడు. ఆ తరువాత అన్నిటికన్నా పెద్ద పరీక్ష కోసం ఎనిమిదేళ్ళు చదివాడు. 870లో మియాకో నో యోషికా అనే పండితుడు ఆయనకు పరీక్షకుడు. ఇచ్చిన ప్రశ్నలు రెండు. ఒకటి వంశాల గురించి, రెండోది భూకంపాల గురించి. అంతకు ముందటేడే, 869లో, జపాను ఈశాన్య తీరంలో పెద్ద భూకంపం, సునామీ వచ్చాయి. 2011లో అదే తీరాన్ని సముద్రం ముంచెత్తినప్పుడు శాస్త్రజ్ఞులు ఆ 869 నాటి సంగతే గుర్తు చేసుకున్నారు. భూమి ఎందుకు కదులుతుందో ఆనాడు ఎవరికీ తెలియదు. పాత గ్రంథాల్లో ఉన్నది ఏరి కూర్చి రాయాలి, అంతే.

మరి ఫలితం? పరీక్షకుడు ఆయన జవాబుల్లో తప్పులు ఎత్తి చూపి, ప్యాసయ్యే శ్రేణులు నాలుగుంటే అన్నిటికన్నా కింది దాంట్లో ప్యాసు చేశాడు. ఆ పరీక్షలో అంతకు పైన రావడం అరుదే అనుకోండి. అయినా ఇప్పుడు లక్షల మంది విద్యార్థులు చేతులు జోడించే దేవుడు తన పరీక్షలో అంచు మీద గట్టెక్కినవాడే. ఇది చదివినప్పుడు నేను పుస్తకం మూసి కాసేపు కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాను.

877లో ఆయన ఆచార్యుడయ్యాడు. 886లో రాజధాని నుంచి షికోకు దీవిలోని సానుకికి గవర్నరుగా పంపారు. పుస్తకాల మనిషికి పల్లె ఎట్లా ఉంటుందో అక్కడ తెలిసింది. పన్నులు కట్టలేక ఊరు విడిచిన రైతు, తల్లీదండ్రీ లేని పిల్లవాడు, చేపలు పట్టేవాడు, ఉప్పు అమ్మేవాడు, కట్టెలు కొట్టేవాడు - వీళ్ళందరికీ చలి ముందుగా వస్తుందని పది పద్యాలు రాశాడు. 888లో వాన లేక పంటలు ఎండిపోతుంటే కొండ మీది దేవునికి స్వయంగా ప్రార్థనాపత్రం రాసి చదివాడు. దాంతో వాన పడిందనీ, ఆ సంతోషంలో రైతులు ఆడిన ఆటే ఇప్పటికీ తమ ఊళ్ళో ఆడుతున్నామనీ అక్కడి వాళ్ళ నమ్మకం. ఆకాశం వైపు చూసే రైతు ముఖం నాకు తెలుసు. మా బాపు ప్రతి జూన్ నెలలో అట్లాగే చూస్తాడు.

తిరిగి వచ్చాక ఉదా చక్రవర్తి ఆయన్ను చేరదీశాడు. చక్రవర్తికి ఫుజివారాల పెత్తనం మీద విసుగు. మిచిజానె దేశచరిత్రను విషయాల వారీగా విభజించి రుయిజు కొకుషి అనే పెద్ద గ్రంథం కూర్చాడు. 894లో చైనాకు రాయబారిగా వెయ్యగా, అక్కడి పరిస్థితి బాగోలేదు, ఈ ప్రయాణం గురించి మళ్ళీ ఆలోచించండని తానే విన్నవించాడు. ప్రయాణం ఆగింది. 907లో అక్కడి తాంగ్ రాజ్యమే కూలిపోయింది. 899లో మిచిజానె కుడివైపు మంత్రి అయ్యాడు. పండిత వంశంలో పుట్టినవాడు అంత ఎత్తుకు పోవడం చాలా అరుదు. ఎడమవైపు మంత్రి ఫుజివారా నో తోకిహిరా. వయసులో చాలా చిన్నవాడు, పదవిలో ఒక మెట్టు పైవాడు.

ఇద్దరి మధ్య ఎంతకాలం పొసగుతుంది? ఉదా 897లోనే సింహాసనం దిగి, కొడుకు దైగోకు ఇచ్చాడు. 901లో ఒక నేరారోపణ లేచింది. దైగోను దించి తన అల్లుడైన రాకుమారుణ్ణి గద్దె ఎక్కించాలని మిచిజానె కుట్ర పన్నాడట! విచారణ లేదు. మాజీ చక్రవర్తి ఉదా పరుగున వస్తే కావలివాళ్ళు లోపలికి రానివ్వలేదు. పేరుకు ఉద్యోగం, నిజానికి బహిష్కారం. రాజధానికి దూరంగా క్యూషూ దీవిలోని దజైఫుకు పంపారు. పెద్ద కొడుకులు నలుగుర్నీ నాలుగు దిక్కులకు తోలారు. భార్య రాజధానిలోనే ఉండిపోయింది. ఆయన వెంట వెళ్ళింది చిన్న పిల్లలే. అక్కడ కారే కప్పు కింద, జబ్బుతో, కూడు సరిగా లేక, ఆ పిల్లల్ని ఓదారుస్తూ పద్యాలు రాసుకుంటూ రెండేళ్ళు బతికాడు. కొడుకొకడు అక్కడే పోయాడు. 903లో ఆయనా పోయాడు.

శవాన్ని బండి మీద తీసుకుపోతుంటే కట్టిన ఎద్దు దారిలో కూలబడి ఎంతకూ లేవలేదట. అక్కడే పూడ్చి, తరువాత అక్కడే గుడి కట్టారని చెబుతారు. అదే నేటి దజైఫు తెన్‌మాన్‌గూ. ఆయన పెంచిన ఉమె చెట్టు క్యోటో నుంచి ఎగిరి వచ్చి ఆయన దగ్గరే నాటుకుందని ఇంకో కథ. ఆయన గుళ్ళలో పడుకున్న ఎద్దు విగ్రహం ఉంటుంది. దాని తల నిమిరి తమ తల నిమురుకుంటే తెలివి వస్తుందని పిల్లలు నిమిరీ నిమిరీ దాన్ని నున్నగా చేశారు.

ఇంతకూ బహిష్కృతుడు దేవుడెట్లా అయ్యాడు? భయం వల్ల. 909లో తోకిహిరా నడివయసు రాకుండానే చచ్చిపోయాడు. 923లో యువరాజు పోయాడు. కంగారుపడి మిచిజానె పాత పదవిని తిరిగి ఇచ్చినట్లు ఆజ్ఞ వేశారు. 930లో రాజభవనం మీదే పిడుగు పడి కొందరు అధికారులు చనిపోయారు. అది చూసిన దైగో మంచమెక్కి మూణ్ణెల్లకు కన్ను మూశాడు. ఇదంతా ఆయన ఉసురేనని జనం నమ్మి 947లో క్యోటోలో కితానో గుడి కట్టారు. 993లో చనిపోయిన మనిషికి ప్రధానమంత్రి పదవి ఇచ్చారు! పిడుగు పడితే మనం అర్జునా, ఫల్గుణా అన్నట్లు వాళ్ళు కువబారా, కువబారా అంటారు. అది ఆయన భూమి ఉన్న ఊరి పేరనీ, అక్కడ ఎన్నడూ పిడుగు పడలేదనీ ఒక కథ. కాలం గడిచిన కొద్దీ భయం పోయి ఆయన విద్య మిగిలింది. తరువాతి శతాబ్దాల్లో పల్లెల వీధిబడుల్లో ఆయన పటం పెట్టి పిల్లలకు అక్షరాలు దిద్దించారు.

ఇక నా సంగతి. మా ఊరు బాసరకు దగ్గర. పసుపు, మక్క వేస్తాం. నాకు అక్షరాభ్యాసం బాసర సరస్వతి సన్నిధిలోనే జరిగింది. డిగ్రీలో అన్ని పేపర్లూ ప్యాసైతే వసంత పంచమికి మళ్ళీ తీసుకొస్తానని అమ్మ మొక్కుకున్నది. మూడో సెమిస్టరులో విద్యుత్తు పేపరు నాకు పోయింది. ఎనభైకి ముప్పై రెండు కావాలి, వచ్చినవి ముప్పై ఒకటి. ఆ ఒక్క మార్కు సంగతి ఇంట్లో చెప్పలేదు. ఫలితాలింకా రాలేదని నెల రోజులు అబద్ధమాడాను. మెస్ బిల్లుకు బాపు డబ్బులు పంపిన ప్రతిసారీ అన్నం గొంతు దిగలేదు.

మిచిజానె కథ చదివిన రాత్రే ఫోను చేసి చెప్పేశాను. ఆయన ఏదో మహిమ చేశాడని కాదు. కింది శ్రేణిలో ప్యాసైనవాడు చదువు మానలేదు, బహిష్కారంలోనూ రాయడం మానలేదు. నేను ఒక్క మార్కుకే నోరు మూసుకొని కూర్చున్నాను. బాపు చాలాసేపు మాట్లాడలేదు. తరువాత, కూలబడిన ఎద్దును కొడితే లేవదురా, కాడి దించి నీళ్ళు తాపితే అదే లేస్తది, అన్నాడు. ఆయనకు జపాను ఎద్దు కథ నేనింకా చెప్పలేదు.

అమ్మ మొక్కు రద్దు చెయ్యలేదు, ఒక ఏడాది వాయిదా వేసింది. పేపరు మళ్ళీ రాస్తున్నాను. ఈసారి కూడా గుడికి పోతాను. కాని పోయేముందు విద్యుత్తు పుస్తకంలో వదిలేసిన రెండు పాఠాలూ చదివి పోతాను.