జైలు దగ్గర ఆగని కథ



పోయిన పంద్రాగస్టు నాడు నేను గరిమెళ్ల సత్యనారాయణ గారి ఏకపాత్రాభినయం వేశాను. తెల్ల పంచె, భుజాన తువ్వాలు, చేతులకి తాడు. పోలీసులు పట్టుకుపోతున్నట్టు నటించి, అందరికీ దండం పెట్టి దిగిపోయా. చప్పట్లు బాగా కొట్టారు. ఆ రాత్రి భోజనాల దగ్గర వార్డెన్ సారు ఒక్కటే అడిగారు, జైలు నుంచి వచ్చాక ఆయన ఏమయ్యారని. నాకు తెలీలేదు. సిగ్గేసింది. తర్వాత చదివి తెలుసుకున్నది మీ కోసం రాస్తున్నాను.

గరిమెళ్ల వారు మన శ్రీకాకుళం జిల్లా వారే. 1893 జూలై 14న నరసన్నపేట దగ్గర గోనెపాడులో పుట్టారు. అప్పట్లో ఈ ఊళ్లు గంజాం జిల్లాలో ఉండేవి. పేద కుటుంబం. ఒక వకీలు గారు సాయం చేయబట్టి బి.ఏ. దాకా చదవగలిగారు. ఇంట్లో డబ్బు లేకపోయినా చదువు ఆగకపోవడమంటే ఏమిటో మనకి వేరే చెప్పక్కర్లేదు కదా! తర్వాత కలెక్టరు ఆఫీసులో గుమాస్తాగా చేశారు. విజయనగరంలో హైస్కూలు మాస్టారుగా కూడా పనిచేశారు. అలాగే ఉండిపోతే ఆయన జీవితం సుఖంగా గడిచిపోయేది.

రాజమండ్రిలో ఉపాధ్యాయ శిక్షణ పొందుతుండగా గాంధీ గారి సహాయ నిరాకరణ పిలుపు వచ్చింది. గరిమెళ్ల చదువు వదిలేసి ఉద్యమంలో దూకారు. అప్పుడు రాసినదే మాకొద్దీ తెల్లదొరతనము అనే పాట. అందులో కష్టమైన మాటలు లేవు. ఉప్పు మీద పన్ను, కూలోడి ఆకలి, దొరల జులుం, అన్నీ జనం మాట్లాడుకునే మాటల్లోనే ఉంటాయి. అక్షరం రానివాళ్లు కూడా విని నేర్చేసుకున్నారు. ఊరూరా ఆ పాటే.

1922లో ఆ పాటకి ఏడాది జైలు పడింది. అదే ఏడు ఆగస్టు 22న అల్లూరి సీతారామరాజు మన గిరిజనులతో కలిసి చింతపల్లి పోలీసు స్టేషను మీద పడ్డాడు. అక్కడ విల్లంబులు, తుపాకులు. ఇక్కడ గరిమెళ్ల దగ్గర ఉన్నది గొంతు ఒక్కటే. అయినా తెల్లవాళ్లు రెండింటికీ భయపడ్డారు. తెలుగు రాని ఒక తెల్ల కలెక్టరు ఈ పాట పాడించుకుని విన్నాడట. అర్థం తెలియకపోయినా అందులో ఎంత బలం ఉందో తెలుసుకున్నాడని చెబుతారు.

విడుదలయ్యాక ఆయన ఊరుకున్నారా? లేదు. కాళ్లకి చెప్పులైనా లేకుండా ఎండనక వాననక ఊళ్లు తిరిగి మళ్లీ పాడారు. మళ్లీ పట్టుకున్నారు. ఈసారి రెండున్నరేళ్ల కఠిన శిక్ష. ఆయన జైల్లో ఉండగానే తండ్రి చనిపోయారు. క్షమాపణ చెబితే వదిలేస్తామన్నారు. ఆయన చెప్పలేదు. తండ్రి కడచూపు దక్కలేదు.

నేను వేసిన నాటకంలో ఇది లేదు. తర్వాత జరిగినదీ లేదు. ఆయన మద్రాసు చేరి గృహలక్ష్మి, ఆంధ్రప్రభ వంటి పత్రికల్లో పనిచేశారు. వయసు మీద పడ్డాక పక్షవాతం వచ్చింది. ఒక కన్ను పోయింది. డబ్బుకి చాలా ఇబ్బంది పడ్డారు. 1947లో ఆయన కోరుకున్న స్వాతంత్ర్యం వచ్చింది గానీ ఆయన ఇంట్లో కష్టం పోలేదు. 1952 డిసెంబరు 15 రాత్రి ఆంధ్ర రాష్ట్రం కోసం పొట్టి శ్రీరాములు గారు ప్రాణం విడిచారు. తెలుగునాడంతా అట్టుడికిపోతోంది. సరిగ్గా మూడు రోజులకి, డిసెంబరు 18న, గరిమెళ్ల కూడా కన్నుమూశారు.

మనం ఏకపాత్ర వేసేవాళ్లం ఎప్పుడూ చప్పట్లు పడే చోటే ఆపేస్తాం. సంకెళ్లు వేసుకోవడం తేలిక. జైల్లో తండ్రి కబురు విని కూర్చున్న మనిషిని చూపించడం కష్టం. ఒక కన్నుతో, కదలని చేత్తో ఉన్న ముసలాయన్ని చూపించడం ఇంకా కష్టం. కానీ అదంతా కలిస్తేనే గరిమెళ్ల.

సంక్రాంతి సెలవులకి మా ఊళ్లో మళ్లీ వేద్దామనుకుంటున్నా. స్టేజీ అక్కర్లేదు, చింతచెట్టు కింద చాలు. చెప్పుల్లేకుండా నడవడం నాకు అలవాటే. మా అవ్వకి తెలుగు సరిగా రాదు. మాటలు సవరలో చెప్తాను, పాట మాత్రం తెలుగులోనే పాడతాను. తెలుగు రాని తెల్లదొరకే తెలిసిన పాట మా అవ్వకి తెలీకుండా పోతుందా?

ఈసారి జైలు దగ్గర దిగిపోను. చివరిదాకా వేస్తాను. చప్పట్లు పడకపోయినా ఫర్వాలేదు.

– పదో తరగతి విద్యార్థి