సీసపు రేకుల్లో విద్యుత్తును నిలిపిన గాస్టన్ ప్లాంటే

నెలల తరబడి కదలని మోటార్‌సైకిల్ స్టార్టర్ మీట నొక్కగానే టిక్కుమని ఆగిపోవడం, ట్రికిల్ ఛార్జర్‌ను రాత్రంతా తగిలించి ఉంచినా ఉదయానికి ఫలితం కానరాకపోవడం నేటి వాహనదారులకు పరిచితమైన చిక్కులే. లోపం బ్యాటరీలో ఉందా, ఛార్జర్‌లో ఉందా అన్న సందేహం మెకానిక్ షెడ్డుల్లో నిత్యం వినబడుతుంది. సీసపు బ్యాటరీని తొలిసారి రూపొందించిన ఫ్రెంచ్ భౌతిక శాస్త్రవేత్త గాస్టన్ ప్లాంటే కూడా తన జీవితంలో అధిక భాగాన్ని ఈ రెండింటి సంబంధంతోనే గడిపారు. విద్యుత్తును నిలువ చేసే పాత్రను ఆయన ఇరవై అయిదేళ్ల వయసులోనే నిర్మించారు. దానిని చౌకగా నింపే సాధనం కోసం మాత్రం దాదాపు రెండు దశాబ్దాలు వేచి ఉండవలసి వచ్చింది.

ప్లాంటే 1834 ఏప్రిల్ 22న ఫ్రాన్స్ నైరుతి భాగంలో, పిరెనీస్ పర్వతాలకు చేరువలోని ఒర్తెజ్ పట్టణంలో జన్మించారు. ఆయన సోదరుడు ఫ్రాన్సిస్ ప్లాంటే పియానో విద్వాంసుడిగా ఎనలేని ఖ్యాతి గడించారు. గాస్టన్ మాత్రం శాస్త్ర మార్గాన్ని ఎంచుకున్నారు. 1854లో పారిస్‌లోని కళలు, వృత్తుల జాతీయ విద్యాలయంలో భౌతికశాస్త్ర సహాయకుడిగా చేరి, ఎడ్మండ్ బెకెరెల్ వద్ద పనిచేశారు. రేడియోధార్మికతను కనుగొన్న హెన్రీ బెకెరెల్‌కు ఈయన తండ్రి.

ఆయన పేరు శాస్త్రలోకంలో మొదట నిలిచింది విద్యుత్తు వల్ల కాదు. 1855లో పారిస్ సమీపాన గల మ్యూడాన్ వద్ద ఒక ప్రాచీన పక్షి శిలాజాన్ని ప్లాంటే గుర్తించారు. మనిషి కంటే ఎత్తుగా పెరిగిన, ఎగరలేని ఆ మహాపక్షికి ఆయన గౌరవార్థం గాస్టోర్నిస్ అని నామకరణం చేశారు. ఆ తరువాత ఆయన దృష్టి పూర్తిగా విద్యుత్ ప్రయోగాల వైపు మళ్లింది.

ఆ కాలంలో ద్రవంలో ముంచిన రెండు లోహపు రేకుల మధ్య విద్యుత్తును ప్రవహింపజేసి, ఆపిన తరువాత కొద్దిసేపు వ్యతిరేక దిశలో స్వల్ప ప్రవాహం వెలువడుతుందని శాస్త్రజ్ఞులకు తెలుసు. జర్మన్ శాస్త్రవేత్త రిట్టర్ 1803 ప్రాంతంలోనే దీనిని గమనించారు. మామూలు ఘటాల శక్తిని తగ్గించే ఈ గుణాన్ని చాలామంది అవరోధంగానే భావించారు. ప్లాంటే దానినే ఉపయోగంగా మలచదలచారు. రాగి, వెండి, తగరం, బంగారం, ప్లాటినం వంటి లోహాలను ఒక్కొక్కటిగా పరీక్షించారు. పలుచని గంధకామ్లంలో ముంచిన సీసపు రేకులు అన్నింటికంటే బలమైన, దీర్ఘమైన ప్రవాహాన్ని తిరిగి ఇస్తున్నట్లు తేల్చారు.

1859లో రెండు పొడవైన సీసపు రేకులను, అవి ఒకదానికొకటి తాకకుండా మధ్యలో గుడ్డను ఉంచి, చాపలా చుట్టి గాజు పాత్రలోని ఆమ్లంలో నిలిపారు. తరువాతి నమూనాల్లో గుడ్డకు బదులు రబ్బరు పట్టీలు వచ్చాయి. మళ్లీ మళ్లీ ఛార్జి చేసి వాడుకోదగిన తొలి ఆచరణీయ బ్యాటరీ అదే. 1860లో తొమ్మిది ఘటాల బ్యాటరీని ఫ్రెంచ్ శాస్త్ర అకాడమీ ముందు ప్రదర్శించారు. అదే ఏడాది ప్రజావిద్య కోసం నెలకొన్న పాలిటెక్నిక్ సంఘంలో భౌతికశాస్త్ర ఆచార్యులయ్యారు.

అయితే ఆ ఘటం ఒక్క రోజులో సిద్ధమయ్యేది కాదు. నున్నని సీసం మీద శక్తిని పట్టి ఉంచే పొర ఏర్పడాలంటే, దానిని పలుమార్లు ఛార్జి చేసి ఖాళీ చేయాలి. దిశ మార్చి మళ్లీ నింపాలి. మధ్యలో విరామం ఇవ్వాలి. ఈ క్రియ నెలల పాటు సాగేది. అంతకు మించిన చిక్కు మరొకటి ఉంది. అప్పట్లో బ్యాటరీని నింపడానికి మరో రసాయన ఘటమే ఆధారం. బున్సెన్ ఘటాల్లో జింకును, ఆమ్లాన్ని ఖర్చు చేసి సంపాదించిన విద్యుత్తును సీసపు ఘటంలో దాచుకోవడం వ్యయభారంతో కూడిన పని. అందువల్ల ఆ ఆవిష్కరణ చాలాకాలం ప్రయోగశాలలకు, కాల్చిన తీగతో శస్త్రచికిత్స చేసే వైద్యులకు మాత్రమే ఉపకరించింది.

ఈ పరిమితిలోనే ప్లాంటే ఒక సూక్ష్మాన్ని ఆచరణలో చూపారు. ఘటం వోల్టేజీ కంటే దానిని నింపే మూలం వోల్టేజీ అధికంగా ఉంటే తప్ప ప్రవాహం లోపలికి వెళ్లదు. చేతిలో ఉన్న కొద్దిపాటి బున్సెన్ ఘటాలతో అనేక సీసపు ఘటాలను నింపేందుకు, ఛార్జింగ్ వేళ వాటిని సమాంతరంగా, వాడే వేళ శ్రేణిలో కలిపే మార్పిడి పరికరాన్ని ఆయన ఏర్పరచారు. నేటి మోటార్‌సైకిల్‌లోని పన్నెండు వోల్టుల బ్యాటరీలో ఉన్నవి శ్రేణిలో కలిపిన ఆరు ఘటాలే. పూర్తిగా నిండి, కొన్ని గంటలు విశ్రాంతి పొందిన బ్యాటరీ 12.6 నుంచి 12.8 వోల్టులు చూపుతుంది. ఛార్జర్ తగిలించిన తరువాత కూడా టెర్మినళ్ల వద్ద కొలత కొంచెమైనా పెరగకపోతే ఛార్జర్‌నో, దాని ఫ్యూజునో, తుప్పు పట్టిన కలయికనో ముందుగా అనుమానించాలి.

1870 దశకంలో డైనమో వినియోగంలోకి రావడంతో ప్లాంటే నిరీక్షణ ఫలించింది. 1881లో కెమిల్ ఫోర్ సీసపు రేకులకు సీసపు ఆక్సైడ్ ముద్దను పట్టించి, నెలల తరబడి సాగే సిద్ధీకరణను ఎంతగానో కుదించారు. అదే ఏడాది గుస్తావ్ ట్రూవే ప్లాంటే ఘటాలతో నడిచే మూడు చక్రాల వాహనాన్ని పారిస్ వీధిలో నడిపి చూపారు. ఆ నగరంలోనే జరిగిన అంతర్జాతీయ విద్యుత్ ప్రదర్శనలో నిలువ ఘటాలు విశేషంగా ఆకర్షించాయి.

ఘటంలో జరిగే రసాయన చర్య 1882లో స్పష్టమైంది. విద్యుత్తు ఖర్చయ్యే కొద్దీ రెండు రేకుల మీదా సీసపు సల్ఫేట్ ఏర్పడుతుందని బ్రిటన్‌కు చెందిన గ్లాడ్‌స్టన్, ట్రైబ్ వివరించారు. ఛార్జి చేసినప్పుడు అది కరిగిపోతుంది. ఖాళీ బ్యాటరీని అలాగే వదిలివేస్తే మాత్రం ఆ సల్ఫేట్ గట్టి స్ఫటికాలుగా పేరుకుంటుంది. నిలిపి ఉంచిన వాహనాల బ్యాటరీలు పాడవడానికి ప్రధాన కారణం ఇదే. గడియారం, అలారం వంటివి నిరంతరం తీసుకునే స్వల్ప విద్యుత్తు, వేసవి వేడి ఈ నష్టాన్ని త్వరపరుస్తాయి.

వాహనదారులు తరచూ పొరబడేది కూడా ఇక్కడే. గట్టిపడిన బ్యాటరీకి ఛార్జర్ తగిలిస్తే వోల్టేజీ నిమిషాల్లోనే పైకి లేచి, పచ్చదీపం వెలుగుతుంది. స్టార్టర్ నొక్కగానే వోల్టేజీ కుప్పకూలుతుంది. అంటే ఆ దీపం బ్యాటరీ నిండిందని కాక, అది ఇక శక్తిని స్వీకరించలేకపోతోందని తెలుపుతున్నట్లు. ఎంత ఛార్జి చేసినా విశ్రాంతి తరువాత 10.5 వోల్టుల దగ్గరే నిలిచిపోతే ఆరింటిలో ఒక ఘటం దెబ్బతిన్నదని భావించవచ్చు. మరోవైపు, పూర్తిగా ఖాళీ అయిన బ్యాటరీని కొన్ని ఎలక్ట్రానిక్ ఛార్జర్లు గుర్తించలేక పని ప్రారంభించవు. అప్పుడు నిర్దోషి అయిన ఛార్జర్ చెత్తబుట్ట పాలవుతుంది. నియంత్రణ లేని పాత ట్రికిల్ ఛార్జర్‌ను నెలల పాటు వదిలివేస్తే బ్యాటరీలోని నీరు ఆవిరై రేకులు శిథిలమవుతాయి. ఛార్జింగ్ వేళ వెలువడే హైడ్రోజన్ వాయువుకు మండే స్వభావం ఉన్నందున గాలి ఆడే చోటు తప్పనిసరి.

ప్లాంటే తన కీర్తిని వ్యాపారంగా మలచుకునే దారిలో సాగలేదు. వందలాది ఘటాలను కలిపి అత్యధిక వోల్టేజీని సాధించి, పిడుగు, బంతి మెరుపు వంటి ప్రకృతి వింతలను ప్రయోగశాలలో అనుకరించేందుకు యత్నించారు. అభ్రకపు కండెన్సర్లతో మరింత అధిక వోల్టేజీని పుట్టించే యంత్రాన్ని నిర్మించారు. తన పరిశోధనలను 1879లో గ్రంథంగా వెలువరించారు.

1889 మే 21న పారిస్ చెంతనే ఆయన కన్నుమూశారు. అప్పటికి ఆయన వయసు యాభై అయిదేళ్లు. సీసపు బ్యాటరీ బలంతో మీట నొక్కగానే ఇంజిన్ మేల్కొనే కార్లు 1912 నుంచి మార్కెట్‌లోకి వచ్చాయి. వాటిని ఆయన చూడలేదు.

ఆయన ఎంచుకున్న సీసం, గంధకామ్లం నేటికీ కోట్లాది భారతీయ వాహనాల్లో పనిచేస్తున్నాయి. సీసం విషపదార్థం. కాలం తీరిన బ్యాటరీని పాత సామాన్ల వారికి ఇవ్వకుండా విక్రేతకో, అధీకృత సేకరణ కేంద్రానికో అప్పగించాలి. వాటిని తిరిగి సేకరించి శుద్ధి చేసే బాధ్యతను 2022 బ్యాటరీ వ్యర్థాల నిర్వహణ నియమాలు ఉత్పత్తిదారులపై ఉంచాయి. ఇక బ్యాటరీ మార్చే ముందు ఒక మల్టీమీటర్‌తో మూడు కొలతలు తీసుకోవడం మేలు: విశ్రాంతిలో, ఛార్జర్ తగిలించినప్పుడు, స్టార్టర్ నొక్కినప్పుడు. ఆ మూడు అంకెలను పక్కపక్కన పెట్టి చూస్తే, చాలా సందర్భాల్లో లోపం ఎక్కడుందో తేలిపోతుంది.