సుకుమార్ సేన్
సుకుమార్ సేన్ భారతదేశపు మొదటి ప్రధాన ఎన్నికల కమిషనరు. 1950 మార్చి నుండి 1958 డిసెంబరు వరకు ఈ పదవిలో ఉన్నాడు. 1951-52, 1957 లోక్‌సభ ఎన్నికలు ఇతని ఆధ్వర్యంలోనే జరిగాయి. ఒక వ్యక్తికి ఒకే ఓటు అన్న నియమాన్ని ఆచరణలోకి తేవడం ఇతని ప్రధాన కృషి.

జీవిత విశేషాలు
19వ శతాబ్దం చివర ఒక బెంగాలీ కుటుంబంలో జన్మించాడు. కలకత్తా ప్రెసిడెన్సీ కళాశాలలోను, లండన్ విశ్వవిద్యాలయంలోను చదివి గణితశాస్త్రంలో బంగారు పతకం పొందాడు. ఐ.సి.ఎస్. అధికారిగా, న్యాయమూర్తిగా పలు జిల్లాలలో పనిచేసి, పశ్చిమ బెంగాల్ ప్రభుత్వ ప్రధాన కార్యదర్శి అయ్యాడు. కేంద్ర న్యాయశాఖ మంత్రిగా పనిచేసిన అశోక్ కుమార్ సేన్ ఇతని సోదరుడు.

ఓటర్ల జాబితా
మొదటి ఎన్నికలకు 21 ఏళ్ళు నిండిన 17 కోట్లకు పైగా ప్రజల పేర్లు నమోదు చేయవలసి వచ్చింది. వీరిలో అధిక సంఖ్యాకులు నిరక్షరాస్యులు. 1950 ప్రజాప్రాతినిధ్య చట్టం 17, 18 సెక్షన్ల ప్రకారం ఒకరి పేరు రెండు నియోజకవర్గాలలో గాని, ఒకే నియోజకవర్గంలో రెండుసార్లు గాని ఉండరాదు. మనిషిని గుర్తించాలంటే సొంత పేరు అవసరం. అయితే ఉత్తరాదిలో చాలామంది స్త్రీలు తమ పేరు చెప్పక, ఫలానావారి భార్య, ఫలానావారి కుమార్తె అని మాత్రమే వ్రాయించారు. సొంత పేరు లేనిదే నమోదు చేయరాదని సేన్ ఆదేశించాడు. ఫలితంగా సుమారు 28 లక్షల మంది స్త్రీల నమోదులు తొలగించబడ్డాయి. జాబితా కచ్చితంగా ఉండాలన్న పట్టుదల వలన నిజమైన ఓటర్లే ఆ ఎన్నికలలో ఓటు కోల్పోయారు.

చెరగని సిరా
జాబితాలో దొర్లిన పొరపాటును ఆసరాగా తీసుకొని ఎవరూ రెండవసారి ఓటు వేయకుండా, ఓటరు వ్రేలిపై చెరగని సిరా గుర్తు పెట్టే పద్ధతిని ప్రవేశపెట్టారు. ఈ సిరాలోని సిల్వర్ నైట్రేట్ వలన ఆ మచ్చ చాలా రోజుల వరకు పోదు. 1962 నుండి మైసూరులోని కర్మాగారం ఈ సిరాను సరఫరా చేస్తున్నది.

కోనసీమలో
అప్పట్లో అమలాపురం, రాజోలు, కొత్తపేట ప్రాంతాలు మద్రాసు రాష్ట్రంలోని తూర్పు గోదావరి జిల్లాలో ఉండేవి. ఇక్కడి ఓటర్లు సేన్ పదవీకాలంలో మూడు ఎన్నికలు చూసారు. 1955లో ఆంధ్ర రాష్ట్ర శాసనసభకు మధ్యంతర ఎన్నికలు జరిగినందున, 1957లో ఇక్కడ లోక్‌సభకు మాత్రమే పోలింగు జరిగింది.

ప్రస్తుతం ఈ మూడు ప్రాంతాలు అమలాపురం లోక్‌సభ స్థానం క్రింద ఉన్నాయి. వశిష్ఠ గోదావరికి ఆవలి నరసాపురం మరొక లోక్‌సభ స్థానం. రాజోలు నుండి నరసాపురానికి నివాసం మార్చినవారు ఫారం-8 ద్వారా ఓటును మార్పించుకోవాలి. రెండు చోట్లా పేరు ఉంచుకొనేందుకు తప్పుడు ప్రకటన ఇస్తే 31వ సెక్షను క్రింద ఏడాది వరకు జైలు, జరిమానా, లేదా రెండూ విధించవచ్చు. రెండు లోక్‌సభ స్థానాలలో ఓటు వేస్తే 1951 చట్టం 62వ సెక్షను ప్రకారం రెండు ఓట్లూ చెల్లవు.

ఇతర సేవలు
1953లో సూడాన్ దేశపు ఎన్నికల సంఘానికి అధ్యక్షత వహించాడు. 1954లో పద్మభూషణ్ పురస్కారం పొందాడు. 1960లో బర్ద్వాన్ విశ్వవిద్యాలయ తొలి ఉపకులపతి అయ్యాడు. ఆ దశకం తొలి సంవత్సరాలలోనే మరణించాడు.