ఆటస్థలములో నాటిన విత్తనము
(బిషప్ జాన్ రిచర్డ్‌సన్ జీవితము)

అండమాను నికోబారు ద్వీపముల ముఖ్యపట్టణము చిరకాలము పోర్ట్ బ్లెయిరుగా పిలువబడి, 2024లో శ్రీ విజయపురమను పేరు పొందెను. సముద్రము దాటి వెళ్లిన తెలుగు కుటుంబములు అనేకము ఆ పట్టణమున స్థిరపడియున్నవి. అందలి డిగ్నాబాద్ మొదలగు పేటలలో చిన్నపిల్లలకు వాక్యము నేర్పువారెవరైనను తమకు ముందు నడిచిన ఒక ఉపాధ్యాయుని జ్ఞాపకము చేసికొనవలెను. ఆయన చరిత్ర అచ్చటికి దక్షిణముగా సుమారు 270 కిలోమీటర్ల దూరమందున్న కార్ నికోబారు ద్వీపమున ఆరంభమైనది.

ఆ ద్వీపపు ఉత్తరభాగమున మూస్ అను గ్రామము కలదు. 1884లో అచ్చట ఒక నికోబారీ కుటుంబమున ఆయన జన్మించెను. తలిదండ్రులు పెట్టిన పేరు హచెవ్‌కా. కొబ్బరిచెట్లు, స్తంభములపై నిలిచిన గుండ్రని పూరియిండ్లు, దుంగను తొలిచి చేసిన పడవలు, పడవ పందెములు, కుస్తీలు, ఇవియే ఆ బాలుని లోకము. అతని భాషకు లిపి లేదు. చదువు అనునది ఏమో ఆ ద్వీపవాసులు ఎరుగరు.

అట్టి దినములలో మద్రాసు ప్రాంతీయుడైన వేదప్పన్ సాలొమోను అను ఉపదేశి, అంతకుముందు పోర్ట్ బ్లెయిరులో అనాథ బాలుర మధ్య సేవచేసినవాడు, మూస్ గ్రామమునకు వచ్చి చిన్న పాఠశాలను స్థాపించెను. హచెవ్‌కా ఆ పాఠశాలలో చేరెను, ప్రభువును తెలిసికొనెను, బాప్తిస్మము పొంది జాన్ రిచర్డ్‌సన్ ఆయెను. పిమ్మట బర్మాలోని మాండలే పట్టణమునకు చదువుకొరకు పంపబడెను. అచ్చట ఉద్యోగము చేసికొని సుఖముగా బ్రతుకవచ్చును. అయినను 1912లో ఆయన తన ద్వీపమునకు తిరిగివచ్చి ఉపాధ్యాయుడుగాను ఉపదేశిగాను పనికి పూనుకొనెను.

పని సులభముగా లేదు. పగలంతయు ఈదుచు, చెట్లెక్కుచు, పడవ నడుపుచు పెరిగిన పిల్లలను గదిలో కూర్చుండబెట్టుట ఎట్లు? పుస్తకములు లేని భాషలో పరిశుద్ధ చరిత్రలు చెప్పుట ఎట్లు? రిచర్డ్‌సన్ తానును అట్టి బాలుడే గనుక వారి మనస్సు ఆయనకు తెలియును. ఆయన పిల్లలతో పాటలు పాడించెను. వారికి ఫుట్‌బాల్ ఆట నేర్పెను. ఆ ఆట అచ్చట వేరూని నేటికిని ద్వీపవాసులకు మిక్కిలి ప్రియమైనదిగా నున్నది. పాఠము చెప్పు గురువును, ప్రార్థన నడుపు ఉపదేశియు, బంతి వెంట పరుగెత్తు పెద్దయన్నయు ఒక్కడే యగుట పిల్లలకు ఎంత ధైర్యము నిచ్చియుండును!

గలిలయ సముద్రపు తుపాను, వలలు, పడవ, ఇవి ఆ పిల్లలకు వివరింప పనిలేదు. అయితే గొఱ్ఱెలమంద యేది? గోధుమ పొలమేది? వారి ద్వీపమున అవి లేవు. తప్పిపోయిన కుమారుడు పందులను మేపెనని విన్నప్పుడు యూదుడు సిగ్గుపడును. నికోబారీయునికో పంది విందునకును పండుగకును గౌరవమైన జంతువు. కాబట్టి మాట చెప్పినంతమాత్రమున చాలదు, భావము వారి జీవితములోనికి దిగవలెను. ఈ ప్రయాసమే రిచర్డ్‌సన్‌ను అనువాదకునిగా చేసెను. రోమను లిపిలో ఆయన చేసిన దీర్ఘకాల కృషి ఫలితముగా 1950లో కొత్త నిబంధనయు, 1969లో సంపూర్ణ బైబిలును కార్ నికోబారీ భాషలో వెలువడెను.

అంతకుముందే అగ్నిపరీక్ష వచ్చెను. 1942లో జపాను సైన్యము ద్వీపములను ఆక్రమించెను. ద్వీపవాసులచేత బలవంతముగా విమానాశ్రయమును కట్టించిరి. గూఢచారులని నేరము మోపి అనేకులను చంపిరి. రిచర్డ్‌సన్ తన కుమారుని పోగొట్టుకొనెను. తానును మరణము ఎదుట నిలిచెను. 1945లో జపాను లొంగిపోవుటచేత ఆయన ప్రాణము దక్కెను. ఆ సంవత్సరములలో సంపూర్ణ కొత్త నిబంధన ఇంకను వారి చేతికి రాలేదు. బాల్యమున హృదయములో నాటబడినదే వారికి ఆధారము. యుద్ధానంతరము ద్వీపవాసులలో అత్యధికులు సంఘములో చేరిరి.

1950లో రిచర్డ్‌సన్ సహాయ బిషప్పుగా అభిషేకింపబడెను. 1952 నుండి 1957 వరకు మొదటి లోకసభలో అండమాను నికోబారు ద్వీపముల ప్రతినిధిగా నియమింపబడి కూర్చుండెను. 1966లో నూతన అధ్యక్ష ఖండమునకు తొలి బిషప్పు ఆయెను. 1965లో పద్మశ్రీ, 1975లో పద్మభూషణ్ బిరుదులు లభించెను. 1978లో ప్రభువునందు నిద్రించెను. ఇన్ని గౌరవములకును మొదలు ఒక చిన్న పల్లెబడియే.

నేటి ఆదివారపు బడి ఉపాధ్యాయుడు ఈ జీవితమునుండి ఏమి నేర్చుకొనవలెను? పిల్లవానికి చెవులతోపాటు కాళ్లును చేతులును దేవుడే ఇచ్చెను. యెరికో చరిత్ర చెప్పు దినమున నేలమీద రాళ్లతో వలయము పేర్చి, పిల్లలను మాటలాడక ఆరు మారులు చుట్టు నడిపింపుడు. ఏడవ మారు మాత్రమే కేక వేయనిండు. నడచుటకంటె మౌనముగా నుండుటయే కష్టమని వారే తెలిసికొందురు, విధేయత యననేమో అప్పుడు బోధపడును. నూరు చింతగింజలలో ఒకదానిని దాచి వెదకింపుడు. అది దొరికినప్పటి సంతోషమే తప్పిపోయిన గొఱ్ఱె ఉపమానమునకు ద్వారము.

అయితే ఆట వాక్యమును మ్రింగివేయరాదు. ఆట ముగిసిన వెంటనే పిల్లలను కూర్చుండబెట్టి, కథను మరల నిదానముగా చెప్పి, ఒక్క ప్రశ్న అడుగవలెను. పరుగెత్తలేని బిడ్డకును ఒక పని ఇవ్వవలెను. ఓడినవానిని నవ్వులపాలు చేయరాదు. క్రీస్తు సిలువను ఎన్నడును ఆటగా మార్చరాదు. అచ్చట మౌనమే తగినది.

2004 డిసెంబరు 26న సునామీ అలలు కార్ నికోబారు తీరగ్రామములను తుడిచివేసెను. ఇండ్లును దేవాలయములును కూలెను. అయినను ద్వీపవాసులు మరల కూడుకొని ఆరాధించిరి. గోడలు కూలినప్పుడు నిలుచునది హృదయములో కట్టబడినదే. వచ్చు ఆదివారము మీ యెదుట కదలక కూర్చుండలేని అల్లరిపిల్లవాడు ఒకడుండును. అతని గద్దింపకముందు మూస్ గ్రామపు హచెవ్‌కాను తలంచుకొనుడు. ఆ చిన్న కాళ్లను ప్రభువు ఏ తీరమునకు నడిపించునో ఎవరెరుగుదురు?