నాట్యాచార్యురాలు అగ్రిప్పినా వాగనోవా

నర్తకి గిరగిర తిరగడం చూచేవారికి కన్నులపండువు. నేర్చుకొనేవారికి మాత్రం కఠినపరీక్ష. మన నాట్యగ్రంథాలు భ్రమరి అని పేర్కొన్న ఇటువంటి చలనాన్ని ఐరోపావారి బాలే నృత్యంలో పిరువెట్ అంటారు. అది పుట్టుకతో వచ్చే వరం కాదనీ, ఎవరైనా క్రమంగా అభ్యసింపదగిన విద్య అనీ నిరూపించిన విదుషీమణి అగ్రిప్పినా వాగనోవా.

ఆమె 1879లో రష్యాలోని సెయింట్ పీటర్స్‌బర్గ్ నగరంలో జన్మించింది. తండ్రి మారిన్‌స్కీ రంగశాలలో చిరుద్యోగి. బాల్యంలోనే ఆమె ప్రభుత్వ నృత్యపాఠశాలలో చేరింది. నర్తకికి వలసిన రూపలావణ్యం తనకు అంతగా లేదు. ఉన్నవల్లా పట్టుదల, పరిశీలనాదృష్టి. 1893లో ఇటలీ నర్తకి పియెరీనా లెన్యానీ ఒంటికాలిపై వరుసగా 32 మార్లు తిరిగి ఆ నగరాన్ని సంభ్రమంలో ముంచింది. ఇటాలియనుల ఆ నేర్పుకు మూలమేమిటో వాగనోవా తరువాతి కాలంలో శ్రద్ధగా అన్వేషించింది. భ్రమణానికి బలం కాళ్లనుండియేగాక చేతులనుండి కూడ లభిస్తుందని గ్రహించింది.

1897లో రంగస్థలంపై అడుగిడిన ఆమెకు ప్రధాననర్తకి హోదా 1915లో గాని దక్కలేదు. ఆ మరుసటి సంవత్సరమే విరమించవలసివచ్చింది. కాని ఆమె అసలు జీవితం 1921లో, తాను చదివిన పాఠశాలలోనే అధ్యాపకురాలైన నాడు ఆరంభమైంది.

పిరువెట్ అభ్యాసక్రమం ఇది. ఒక పాదం ముందు, ఒకటి వెనుక ఉంచి మోకాళ్లు వంచాలి. ఆ ఊపుతో లేచి ఒక పాదపు మునివేళ్లపై నిలిచి, రెండవ పాదాన్ని నిలిచిన కాలికి చేర్చాలి. చాచిన చేతులు దగ్గరకు వచ్చినకొలది వేగం హెచ్చుతుంది. దేహం తిరుగుతున్నా చూపు ఎదుటనున్న ఒక గురుతును విడువరాదు. ఇక నిలుపలేని క్షణంలో శిరస్సు చప్పున తిరిగి, దేహంకంటె ముందుగా ఆ గురుతునే చేరాలి. అప్పుడు కళ్లు తిరగవు, దిక్కు తప్పదు. వెన్ను నిటారుగా లేనిచో ఎంత వేగమున్నా నిష్ఫలమే. మొదట పావుచుట్టు, పిదప అరచుట్టు, ఆపైన నిండుచుట్టు తిరగడం నేర్చుకోవాలి.

ఆమె శిక్షణలో మరీనా సెమ్యోనోవా, గలీనా ఉలనోవా వంటి మహానర్తకులు రూపొందారు. 1934లో తన బోధనాపద్ధతిని గ్రంథంగా వెలువరించింది. 1951లో ఆమె మరణించింది. 1957లో ఆ పాఠశాలకు ఆమె పేరే పెట్టారు.

తనకు ఆలస్యంగా అందినదానిని శిష్యులకు సకాలంలో అందించడమే ఆమె జీవితసాఫల్యం. విద్య నేర్చేవారికీ, నేర్పేవారికీ ఆ జీవితం ఆదర్శప్రాయం.