మూసీ తీరానికి ఉద్యానవనాలు కోరిన ఇంజనీరు మోక్షగుండం విశ్వేశ్వరయ్య
(సెప్టెంబర్ 15 ఇంజనీర్ల దినోత్సవం సందర్భంగా ప్రత్యేక వ్యాసం)

ఆనకట్టల నిర్మాతగా దేశమంతటా కీర్తి గడించిన మహనీయుడు సర్ మోక్షగుండం విశ్వేశ్వరయ్య. ఆయన జన్మదినమైన సెప్టెంబర్ 15ను దేశం ఇంజనీర్ల దినోత్సవంగా జరుపుకుంటోంది. అయితే నదీ తీరాన విడిచిన ఖాళీ నేల వృథా నేల కాదని, అది నగర ప్రజల ప్రాణాలకు రక్షణ అని హైదరాబాదుకు నూరేళ్ళ క్రితమే తెలియజెప్పిన నగర ప్రణాళికా నిపుణుడు కూడా ఆయనే. ఆయన సేవలలో ఈ అంశం తక్కువగా ప్రచారంలోకి వచ్చింది.

విశ్వేశ్వరయ్య 1861లో మైసూరు సంస్థానంలోని ముద్దెనహళ్ళిలో శ్రీనివాసశాస్త్రి, వెంకటలక్ష్మమ్మ దంపతులకు జన్మించారు. వారి పూర్వీకులది నేటి ఆంధ్రప్రదేశ్‌లోని బేస్తవారిపేట సమీపాన గల మోక్షగుండం గ్రామం. చిన్నతనంలోనే తండ్రిని కోల్పోయిన ఆయన పిల్లలకు పాఠాలు చెప్పుకుంటూ బెంగుళూరులో చదువు సాగించి 1881లో పట్టభద్రులయ్యారు. అనంతరం పూణేలో ఇంజనీరింగ్ విద్య పూర్తిచేసి, 1884లో బొంబాయి ప్రభుత్వ ప్రజాపనుల శాఖలో చేరారు. సుక్కూరు పట్టణానికి మంచినీటి పథకం, ఖడక్‌వాస్లా జలాశయానికి స్వయంచాలిత వరద తలుపులు ఆయన ప్రతిభకు నిదర్శనాలుగా నిలిచాయి. 1908లో ఆ ఉద్యోగం నుండి స్వచ్ఛందంగా వైదొలగి విదేశీ పర్యటనకు వెళ్ళారు.

అదే సంవత్సరం సెప్టెంబర్ 28న మూసీ నది హైదరాబాదు నగరాన్ని ముంచెత్తింది. ఎగువన రెండు వందలకు పైగా చెరువులు తెగి, ఆ నీరంతా ఒక్కసారిగా నగరంపై విరుచుకుపడింది. సుమారు పదిహేను వేల మంది ప్రాణాలు కోల్పోయారని అంచనా. అఫ్జల్‌గంజ్ వద్ద తోటలోని ఒక చింతచెట్టు ఎక్కి నూటయాభై మంది వరకు ప్రాణాలు దక్కించుకున్నారని చెబుతారు. నేటి ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలో ఉన్న ఆ వృక్షం నాటి విషాదానికి సాక్షి.

నిజాం ప్రభుత్వ ఆహ్వానంపై విశ్వేశ్వరయ్య 1909 ఏప్రిల్‌లో హైదరాబాదు చేరుకున్నారు. వరద గుర్తులను, వర్షపాత వివరాలను, తెగిన చెరువులను క్షుణ్ణంగా పరిశీలించి అదే సంవత్సరం నివేదిక సమర్పించారు. మూసీ, ఈసీ నదులపై నగరానికి ఎగువన రెండు జలాశయాలు నిర్మించాలన్నది అందులో ప్రధాన సిఫార్సు. ఆయన ఆలోచన అంతటితో ఆగలేదు. నగరం మధ్య నదీ తీరాలను ఎత్తు చేసి, విశాలమైన రహదారులు, విహార స్థలాలు, ఉద్యానవనాలు ఏర్పరచాలని సూచించారు. మురుగునీరు నదిలో కలవకుండా భూగర్భ కాలువల ద్వారా నగరం వెలుపలికి తరలించాలని ప్రతిపాదించారు.

ఈ మూడు సూచనలకు పరస్పర సంబంధం ఉంది. జలాశయం వరద ఉధృతిని తగ్గిస్తుంది. తీరాన ఉద్యానవనం ఉంటే అక్కడ ఇళ్ళు వెలియవు. నది పొంగినా తడిసేది పచ్చికే గాని ప్రజల కాపురాలు కావు. మురుగు కాలువలు లేకపోతే ఎంత అందమైన తోట అయినా దుర్గంధభూయిష్టమవుతుంది. ఉద్యానవనాన్ని అలంకారంగా గాక, మంచినీరు, పారిశుద్ధ్యం వలె నగరానికి అవసరమైన సదుపాయంగా భావించడమే ఆయన దూరదృష్టి.

ప్రణాళికను అమలు చేసే యంత్రాంగం కూడా తరువాత ఏర్పడింది. 1912లో నగరాభివృద్ధి సంస్థ నెలకొన్నది. ఇరుకు బస్తీల తొలగింపు, పేదలకు గృహాలు, రహదారుల విస్తరణ, ఉద్యానవనాల ఏర్పాటు వంటి పనులను ఆ సంస్థ చేపట్టింది. 1920లో ఉస్మాన్‌సాగర్, 1927లో హిమాయత్‌సాగర్ పూర్తయ్యాయి. హైకోర్టు, ఉస్మానియా ఆసుపత్రి వంటి భవనాలతో, తోటలతో మూసీ తీరం కొత్త రూపు సంతరించుకున్నది. విశ్వేశ్వరయ్య 1922లోను, ఆ తరువాత కూడా హైదరాబాదు వచ్చి మురుగునీటి పథకంపై సలహాలందించారు.

1909 చివరలో మైసూరు చీఫ్ ఇంజనీరుగా వెళ్ళిన ఆయన 1912 నుండి 1918 వరకు అక్కడ దివానుగా పనిచేశారు. కృష్ణరాజసాగర్ నిర్మాణంతో పాటు గ్రామాభివృద్ధికి, స్థానిక సంస్థల పటిష్ఠతకు కృషి చేశారు. 1955లో భారత ప్రభుత్వం భారతరత్న పురస్కారంతో గౌరవించింది. 1962 ఏప్రిల్‌లో, నూరేళ్ళు నిండిన జీవితాన్ని చాలించారు.

ఆయన సూచించిన జలాశయాలు నేటికీ ఉన్నాయి. అయితే నగరం పెరిగేకొద్దీ తీరంలోని ఖాళీ స్థలాలు కుంచించుకుపోయాయి, మురుగు నదిలో కలిసింది. 2000 ఆగస్టులోను, 2020 అక్టోబర్‌లోను కురిసిన భారీ వర్షాలకు లోతట్టు కాలనీలు నీట మునిగినప్పుడు ఆయన హెచ్చరిక మరోసారి గుర్తుకు వచ్చింది.

ఈ పాఠం రాజధానికే పరిమితం కాదు. మానేరు నదికి ఒక ఒడ్డున సిరిసిల్ల పట్టణం, మరో ఒడ్డున 2016లో మండల కేంద్రమైన తంగళ్ళపల్లి ఉన్నాయి. పెరుగుతున్న ఇటువంటి ఊళ్ళకు ఇప్పుడే స్థలాన్ని కాపాడుకునే అవకాశం ఉంది. లే అవుట్లలో కొంత భాగాన్ని ఖాళీగా విడిచి స్థానిక సంస్థకు అప్పగించాలన్న నిబంధన, 2019 పురపాలక చట్టంలో పచ్చదనానికి బడ్జెట్‌లో పది శాతం కేటాయింపు, గ్రామాలలో 2020 నుండి చేపట్టిన పల్లె ప్రకృతి వనాలు ఇందుకు తోడ్పడే సాధనాలు. స్థలానికి హద్దులు నాటడం, రికార్డులలో నమోదు చేయడం, మొక్కకు నీరు పోసే మనిషిని, అందుకు నిధిని ఏటా కేటాయించడం స్థానిక పాలకుల బాధ్యత. ఒకసారి ఆక్రమణకు గురైన తీరాన్ని తిరిగి పొందడం ఎంత కష్టమో మూసీ చరిత్రే చెబుతుంది. ఊరిలోని ఖాళీ నేలను భావితరాలకు భద్రంగా అప్పగించడమే ఆ మహనీయునికి నిజమైన నివాళి.