లెక్కలు తప్పని కేటో

రోము సెనేటరులలో చిన్న కేటోను మేము స్మరించునది వాగ్ధాటికి కాదు, లెక్కల పుస్తకములకు. క్రీ.పూ. 95లో జన్మించిన ఇతడు ముప్పది యేండ్ల ప్రాయమున కోశాధికారియై, అవినీతిపరులగు గుమాస్తాలను శిక్షించి, పాత బాకీలు వసూలు చేసెను. 58లో సైప్రసుకు పంపబడి, అచటి రాజు ఆస్తిని వేలము వేయించి, సుమారు 7000 టాలెంట్ల వెండిని తెచ్చెను. లెక్కలు వ్రాసిన రెండు ప్రతులలో ఒకటి ఓడతో మునిగెను. రెండవది కోర్సిరాలో నావికులు చలికి వేసిన మంటలలో కాలిపోయెను. ధనము చేరినది, ఋజువు చేరలేదు! నిజాయితీపరునికి ఇంతకన్న శిక్ష వేరొకటి గలదా? విరోధియగు క్లోడియసు ఆ లెక్కలనే అడిగెను.

పిదప కాన్సలు పదవికి నిలిచి, ఓటర్లను బ్రతిమాలనొల్లక ఓడెను. క్రీ.పూ. 46లో సీజరు విజయవార్త విని, యుటికాలో తోడివారిని ఓడలెక్కించి పంపి, తాను మాత్రము క్షమాభిక్ష కోరక ప్రాణత్యాగము చేసెను.